రేవు దాటాక ఆగే బండి

నాన్నగారు వ్యాపారం నా చేతికిచ్చిన రోజున నా దగ్గరున్నవి ఇవీ: ఆయన నడిపిన పాత మోటార్ సైకిలు, వెనక కట్టుకోవడానికి శాంపిల్ కొబ్బరికాయల గోనెసంచి, పాలకొల్లు మార్కెట్లో "అప్పాజీగారి అబ్బాయి" అన్న పేరు, ఎదుటివాడు వద్దన్నాక కూడా ఆగకుండా మాట్లాడగల నోరు. పెట్టుబడి అంతా ఇదే. ఇందులో సంచి, పేరు, నోరు మార్కెట్లో ఎప్పుడూ మొరాయించలేదు. మొరాయించింది బండొక్కటే.

మా ఇల్లు సఖినేటిపల్లి రేవుకి కూతవేటు దూరం. గోదావరికి ఇవతల మా కొబ్బరితోటలు, అవతల నరసాపురం, దాన్ని దాటి వెళ్తే పాలకొల్లు. సరుకు లారీలో వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది. బేరం మాట్లాడే మనిషి మాత్రం పంటు ఎక్కి అడ్డంగా ఏరు దాటి, లారీ కన్నా ముందు మార్కెట్లో ఉండాలి. నాన్నగారు ఏళ్ళ తరబడి అలాగే వెళ్ళారు. తోటలో కాయల గుట్ట మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాక ఆ పని నాకొచ్చింది. అప్పటిదాకా నాకు సైకిలూ బస్సూ తప్ప ఇంకో వాహనం తెలియదు.

పంటు మీద కార్లు, ఆటోలు, మేకలు, పెళ్ళివాళ్ళు, అందరూ ఒకే బల్ల మీద. మోటార్ సైకిళ్ళని ఒకదాని పక్కన ఒకటి ఆనించి నిలబెట్టేవాళ్ళు. ఒరిగిన బండిలోంచి పెట్రోలు కారడం, పక్కన ఎవడో బీడీ వెలిగించడం మామూలే. అందుకని పంటు నడిపే బుల్లియ్య మోకు విప్పేముందు కేకేసేవాడు.

"బళ్ళోళ్ళూ! పెట్రోల్ ట్యాపులు కట్టేయండి!"

అప్పటి బళ్ళకి ట్యాంకు కింద చిన్న ట్యాపు ఉండేది. నేను బుద్ధిగా వంగి కట్టేసేవాణ్ణి. అవతలి ఒడ్డు తగలగానే అందరికన్నా ముందు గట్టెక్కాలి, మార్కెట్‌కి పోవాలి అనే తొందర. నా కళ్ళెప్పుడూ రోడ్డు మీదే.

మొదటి రోజు నరసాపురం బజారు దాటాను. ఊరు పల్చబడి, పాలకొల్లు రోడ్డు మొదలయ్యే చోట ఒక పెంకుటింటి ముందు బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

కిక్ కొట్టాను. ఊఁహూఁ. మళ్ళీ కొట్టాను. మూడోసారి ఎగిరి తన్నాను. ఆ ఊపుకి వెనక సంచి తాడు తెగింది. కొబ్బరికాయలు దొర్లుకుంటూ వెళ్ళి, ఇంటి ముందు వాలుగా నిలబెట్టిన బల్లకి కొట్టుకున్నాయి. బల్ల దబ్బున పడింది. దాని మీద గంజిపెట్టి, పిన్నులు గుచ్చి ఆరేసిన తెల్లటి లేసు గుడ్డ మీద మట్టి, కొబ్బరి పీచు.

"ఆగండాగండి! అదేం బండండీ, తన్నేకొద్దీ కాయలు రాలుస్తోంది?"

అరుగు దిగి వచ్చిందొక అమ్మాయి. చేతిలో లేసు అల్లే కొక్కెం సూది. దాన్ని కత్తిలా పట్టుకుంది.

"బండి ఆగిపోయిందండి," అన్నాను.

"బండి ఆగింది సరే. మీరెందుకండీ ఆగకుండా తంతున్నారు?"

"సారీ అండి. ఆ గుడ్డ ఉతికిచ్చేస్తానండి."

"మీ మొహంలాగే ఉంటుంది మీ ఉతుకుడు. మా మామ్మ కళ్ళు చికిలించుకుని నెలరోజులు అల్లిందండి అది."

బేరంలో ఎదుటివాడు కోపంగా ఉంటే మనం పనిలో పడిపోవాలని నాన్నగారు చెప్పేవారు. పనిలో పడ్డాను. ట్యాంకు మూత తీసి చూశాను. బండిని అటూ ఇటూ ఊపాను. పెట్రోలు గలగలమంది. చోక్ లాగాను. ప్లగ్గు ఊడదీసి చొక్కాకి తుడిచాను. చొక్కా నల్లబడింది, బండి మాత్రం కదల్లేదు. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల నీరెంతుందో చెప్పేస్తాను. ఈ ఇనప ముక్క ముందు నా విద్యలన్నీ దండగైపోయాయి.

ఆమె చేతులు కట్టుకుని చూస్తోంది. నన్ను చూసింది, బండిని చూసింది, నేనొచ్చిన దోవకేసి చూసింది.

"పంటు దిగొస్తున్నారా?"

"ఆయ్."

కోపం ఉన్నట్టుండి కళ్ళలోంచి పక్కకి తప్పుకుంది. దాని బదులు వచ్చింది ఏమిటో అప్పుడు అర్థంకాలేదు.

"లోపలికెళ్ళి మా మామ్మనడిగి మంచినీళ్ళు తాగి రండి."

"నాకు దాహంగా లేదండి."

"బండికుందేమో. వెళ్ళండి."

లోపల వసారాలో కూర్చుని లేసు అల్లుతున్న పెద్దావిడ పేరు పెద్దింట్లమ్మ అని తర్వాత తెలిసింది. నన్ను పైనుంచి కిందదాకా చూసి, "ఏ ఊరు? ఎవరబ్బాయివి? ఎన్నెకరాల తోట?" అని అడిగింది. నీళ్ళు మాత్రం నేను అన్నిటికీ జవాబు చెప్పాక ఇచ్చింది. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి బండికి దూరంగా నిలబడి, ఏమీ ఎరగనట్టు లేసులోంచి పీచు ఏరుతోంది.

"ఇప్పుడు కొట్టండి."

కొట్టాను. ఒక్క కిక్కుకి బండి లేచి కూర్చుంది.

"ఏం చేశారండీ?"

"దండం పెట్టాను."

"దేవుడికా, బండికా?"

"మీరు త్వరగా వెళ్ళిపోవాలని పెట్టానండి. ఎవరికి పెట్టానో మీకెందుకు?"

మర్నాడు కూడా సరిగ్గా అక్కడే ఆగింది. మూడోనాడు కూడా. మరీ ఆ ఇంటి గుమ్మానికి బండిని ఎవరో తాడేసి కట్టినట్టు, నాలుగడుగులు అటో ఇటో, అదే చోట. ప్రతిసారీ ఆమె నన్ను నీళ్ళకి లోపలికి తోలడం, నేనొచ్చేసరికి బండి ఒక్క కిక్కుకి పలకడం. పేరు హారతి అని లేసు పట్టుకొచ్చే ఆడవాళ్ళు పిలుస్తుంటే విన్నాను.

"హారతిగారూ, మీ చేతిలో ఏదో ఉందండి."

"ఉంది. కొక్కెం సూది. గుచ్చమంటారా?"

"నిజం చెప్పండి. పొద్దున్నే మా ఇంటి దగ్గర బాగానే స్టార్టవుతుంది. ఇక్కడే ఎందుకాగుతుంది?"

"ఎవరైనా ఎదురొస్తే ఆగదా? పొద్దున్నే ఎవరి మొహం చూసి బయల్దేరుతున్నారు?"

"మా నాన్నగారిదండి."

"అయితే ఆయన్నే అడగండి."

ఆ మాట అప్పుడు వెటకారమనుకున్నాను.

పాలకొల్లులో చిట్టియ్య అనే మెకానిక్ ఉండేవాడు. కార్బొరేటర్ విప్పి ఊదాడు, ప్లగ్గు మార్చాడు, వైర్లు లాగి చూశాడు. అరగంట అటూ ఇటూ నడిపి తెచ్చి, "పెళ్ళికొడుకులా ఉందండి బండి. ఏ రోగమూ లేదు," అన్నాడు.

"మరి రోజూ ఆ ఇంటి ముందే ఎందుకాగుతోంది?"

"ఆ ఇంటి ముందు ఏముందండి?"

నేను చెప్పలేదు. చిట్టియ్య నా మొహం చూసి పానా తుడుచుకున్నాడు. "ఈ రోగం నా షెడ్డులో తగ్గదండి బాబూ."

తొలకరి పడింది. నాన్నగారు కర్ర సాయంతో లేచి తిరగడం మొదలెట్టారు. ఆయన లేవగానే మొదట చేసేది బండి తుడవడం. కాలు విరిగిన కొత్తలో కూడా కుర్చీ బండి దగ్గరికి జరిపించుకుని తుడిచేవారు. ఒకరోజు పొద్దున్నే గుడ్డ పిండుతూ, తలెత్తకుండా అడిగారు.

"ఒరే గణేష్‌బాబూ. సాయంత్రం నువ్వు పంటులో కట్టేసిన ట్యాపు అలాగే ఉంచి ఇంటికి తెస్తున్నావు. ఇంటికి దగ్గర కాబట్టి పైపులో మిగిలిన చమురుతో వచ్చేస్తున్నావు. పొద్దున్నే నేను తెరుస్తున్నాను. అది సరే."

"ట్యాపా?"

"పొద్దున్న పంటులో కూడా కడతావు కదా. మరి అవతలి ఒడ్డున ఎవరు తెరుస్తున్నార్రా?"

నేను గుమ్మంలో నిలబడిపోయాను. పంటులో కట్టేసిన ట్యాపుని తెరవాలన్న సంగతి నా బుర్రకి ఒక్కసారి కూడా తట్టలేదు. కార్బొరేటర్లో మిగిలిన పెట్రోలు ఎంతదూరం లాగుతుందో అంతదూరంలో ఉంది ఆ పెంకుటిల్లు. నేను లోపల మామ్మకి ఎకరాల లెక్క చెబుతున్నప్పుడు, బయట రెండు వేళ్ళు ట్యాపు తిప్పుతున్నాయి. నీళ్ళు తాగి వచ్చేలోపు పెట్రోలు దిగి బండి దాహం తీరుతోంది.

నాన్నగారు గుడ్డ దులిపారు. "ఎవరో గాని, ఓపికమంతులు."

ఆరోజు పంటు దిగాక, గట్టెక్కి, బండి ఆపి, ట్యాపు వంక చూస్తూ చాలాసేపు ఆలోచించాను. తెరిస్తే మార్కెట్‌కి అందరికన్నా ముందు వెళ్తాను. మంచి బేరాలు పొద్దున్నే తెగిపోతాయి. తెరవకపోతే ఒక గ్లాసు మంచినీళ్ళు, మామ్మ ప్రశ్నలు, నాలుగు చీవాట్లు. వ్యాపారం తెలిసినవాడెవడైనా తెరుస్తాడు.

తెరవలేదు.

ఆరోజు నీళ్ళకి లోపలికెళ్ళి, వసారా గోడకున్న అద్దంలోంచి వీధివైపు చూశాను. ఆమె అటూ ఇటూ చూసి, వంగి, ట్యాపు తిప్పింది. తిప్పాక వెళ్ళిపోలేదు. ట్యాంకు మీద పడ్డ వాన చుక్కలని చీర చెంగుతో తుడిచింది. తుడుస్తూ తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వు నా లెక్కలో లేదు.

"నీళ్ళు పొలమారాయా?" అంది మామ్మ.

"లేదండి."

"మరి ఆ దగ్గేంటి? నీ బండికొచ్చిన జబ్బే నీకూ వచ్చిందా?"

ఆ వానాకాలమంతా అలాగే గడిచింది. ఇప్పుడు తల్చుకుంటే నా బతుకులో మంచి వ్యాపారం చేసిన రోజులు చాలా ఉన్నాయిగాని, అంత తీరుబడిగా ఆలస్యమైన రోజులు మళ్ళీ రాలేదు. చూరుకింద నిలబడి వాన తగ్గేదాకా మాట్లాడుకునేవాళ్ళం. లేసు ఏ దేశం వెళ్తుందో ఆమె చెప్పేది. ఏ తోట కాయ ఎలా మోగుతుందో నేను కొట్టి వినిపించేవాణ్ణి. ఒకసారి తనూ ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏం చెబుతోందండి?" అన్నాను.

"కొన్నవాడు దద్దమ్మట."

"కొన్నది నేనేనండి."

"కాయ అబద్ధం చెప్పదుగా."

కార్తీకం వెళ్ళాక ఒకరోజు, ఆమె నన్ను లోపలికి పొమ్మనలేదు. మామ్మే అరుగు మీదనుంచి పిలిచి చెప్పింది.

"కొబ్బరికాయలబ్బాయ్! మా హారతికి తుని సంబంధం వచ్చింది. బట్టల కొట్టు. గురువారం వస్తున్నారు. నచ్చితే ఆరోజే తాంబూలాలు."

హారతి లేసు మీదనుంచి తలెత్తలేదు. "మీరు మంచి మెకానిక్‌ని చూసుకోండి, గణేష్‌బాబుగారూ. రేపట్నుంచి ఎవరూ దండాలు పెట్టరు."

"అబ్బాయి ఎలా ఉన్నాడండి?"

"బాగున్నాడు. కారుంది. ఎక్కడా ఆగదట."

వెయ్యి మందితో బేరమాడిన నోరు నాది. ఆరోజు దానికేం రోగమొచ్చిందో, ఒక్క మాట బయటికి రాలేదు. ఆమె చూస్తోంది. నేను చెప్పాల్సిందేదో చెబుతానని చూస్తోందని నాకు తెలుసు. నేను కిక్ కొట్టి వచ్చేశాను.

ఇంటికెళ్ళి నిద్రపట్టక లెక్క వేసుకున్నాను. ఇన్నాళ్ళూ నేను ఆమె ముందుకి దొంగసాకుతో వెళ్ళాను. బండి ఆగిందని వెళ్ళానుగాని, నేను ఆగి వెళ్ళలేదు. ఒక పిల్లని అడగాలంటే ట్యాపు తెరిచి వెళ్ళాలి. బండి పరిగెడుతుండగా, నా అంతట నేను ఆపి, దిగి, అడగాలి. అది తిన్నని పని అనిపించింది.

గురువారానికి తుఫాను ముసురు పట్టింది. పంటు దిగ్గానే ట్యాపు తెరిచాను. బండి నిక్షేపంలా పరిగెత్తింది. పెంకుటిల్లు కనిపించింది. ముందు తుని కారు. అరుగు మీద పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు. నా చొక్కా మీద వాన బురద. బ్రేకు మీద కాలు వెయ్యాల్సింది పోయి యాక్సిలరేటర్ తిప్పింది నా చెయ్యి.

ఆగకుండా వెళ్ళిపోయాను. దాటిపోతుంటే కిటికీలో హారతి కనిపించింది. ఆకుపచ్చ పట్టుచీర. నన్ను చూడలేదు. బండిని చూసింది. ఆగే చోట ఆగకుండా పోతున్న బండిని.

మలుపు తిరిగి, కాలవ గట్టెక్కేసరికి వాన ఎత్తుకుంది. మామూలు వాన కాదు, గోదావరిని నిలువునా ఎత్తి కుమ్మరించినట్టు. నా మీద నాకే చిరాకేసింది. బండి తిప్పాను. రోడ్డు మీద మోకాల్లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో దిగగానే బండి గుడగుడమని ఆగిపోయింది.

ట్యాపు చూశాను. తెరిచే ఉంది. కిక్ కొట్టాను, చోక్ లాగాను, కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి బండికి నిజంగా జబ్బు చేసింది.

వెనక, పాలకొల్లు వైపు, కొంచెం దూరంలోనే ఒక మెకానిక్ షెడ్డు కనిపిస్తోంది. పెంకుటిల్లు ఎదురుగా మైలు దూరం. బండిని పెంకుటింటివైపే తోసుకుంటూ నడిచాను.

నేను చేరేసరికి చూరునుంచి నీళ్ళు తెరలా పడుతున్నాయి. అరుగు మీద హారతి నాన్నగారు చంద్రరావుగారు, మామ్మ, తుని పెద్దాయన, ఆయన భార్య, పక్కన కుర్రాడు. అందరి చేతుల్లో కాఫీ గ్లాసులు. మధ్యలో పళ్ళెంలో తాంబూలం సామగ్రి. ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

హారతి గొడుగైనా తీసుకోకుండా దిగి వచ్చింది. గొంతు తగ్గించిందిగాని, కోపం తగ్గించలేదు.

"ఇందాక ఆగకుండా వెళ్ళారుగా. ఇప్పుడెందుకొచ్చారు?"

"బండి ఆగిందండి."

"ఎక్కడ?"

"కాలవ గట్టు దగ్గర."

"అక్కడాగిన బండిని ఇక్కడికెందుకు తెచ్చారు?"

"ఇక్కడైతేనే బాగవుతుందండి."

ఆమె పళ్ళు బిగించి వంగింది. అలవాటుగా రెండు వేళ్ళు ట్యాపు మీదకి వెళ్ళాయి. తిప్పబోయి ఆగిపోయాయి. మళ్ళీ తడిమి చూసింది. వంగినదల్లా అలాగే తలెత్తి నన్ను చూసింది. వాన ఆమె కనురెప్పల మీదనుంచి జారుతోంది.

"తెరిచే ఉంది."

"ఆయ్. ఇవాళ నేనే తెరిచానండి."

"అంటే మీకు తెలుసు."

"తొలకర్లో నాన్నగారు అడిగారు, అవతలి ఒడ్డున ఎవరు తెరుస్తున్నార్రా అని. అప్పట్నుంచీ తెలుసు."

"తెలిసి కూడా రోజూ కట్టేసి వచ్చారా?"

"ఆయ్."

"మార్కెట్‌కి ఆలస్యం కాలేదా?"

"రోజూ అయిందండి."

ఆమె ట్యాపు మీదనుంచి చెయ్యి తీసింది. నేనే మళ్ళీ అందుకున్నాను. "మొదటిరోజే చెప్పొచ్చుగా మీరు, ట్యాపు తెరవలేదని?"

"మొదటిరోజు మీ మీద కోపంగా ఉన్నాను. రెండోరోజు నవ్వొచ్చింది." లోగొంతులో అంది. "రేవు దాటొచ్చిన కొత్తవాళ్ళ బళ్ళు ఇక్కడ ఆగుతూనే ఉంటాయి. ఒకసారి చెబితే మళ్ళీ ఆగరు. అందుకని చెప్పలేదు."

వాన చప్పుడులో అది అరుగు దాకా వినిపించలేదు. వినిపించక్కర్లేదు కూడా. మామ్మ కాళ్ళు చాపుకుని మమ్మల్నే చూస్తోంది.

"ఏమైందమ్మా?" అని చంద్రరావుగారు అరుగు మీదనుంచి అడిగారు. ఆయన ఒకప్పుడు లేసు పని ఇవ్వడానికి పంటు దాటి మా ఊళ్ళకి తిరిగిన మనిషి.

"ట్యాపు తెరిచే ఉంది నాన్నా. అయినా స్టార్టవడం లేదు."

"అయితే ప్లగ్గు చూడు. నీళ్ళలో దిగుంటుంది."

పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని ఆమె చూరుకింద కూర్చుంది. నేను ప్లగ్గు టోపీ లాగాను. లోపల నీళ్ళు. ప్లగ్గు ఊడదీశాను. ఆమె నడుముకి దోపుకున్న లేసు అంచు రుమాలు తీసి టోపీ లోపల తుడిచింది. అరుగు మీది లేసు బుట్టలోంచి కొక్కెం సూది తీసి, దాని మొనతో రుమాలుని సందుల్లోకి తోసి చెమ్మంతా లాగింది. తెల్ల లేసు నల్లబడింది. నేను ప్లగ్గు ఊది, తుడిచి, బిగించాను. ఇద్దరి చేతులకీ గ్రీజు. ఆమె బుగ్గ మీద కూడా.

తుని ఆవిడ ముందుకి వంగి చూసింది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగింది.

"ఏమ్మా, నీకు బళ్ళు బాగుచేయడం కూడా వచ్చా?"

హారతి లేచి నిలబడింది. తండ్రి వైపు చూసింది, నా వైపు చూసింది, ఆవిడకి జవాబు చెప్పింది.

"అన్ని బళ్ళూ రావండి. ఈ ఒక్క బండేనండి."

తుని ఆవిడ వెనక్కి వాలి భర్త వైపు చూసింది.  నేను కిక్ కొట్టాను. బండి ఒక్కసారిగా అందుకుంది. ఆ చప్పుడులో మామ్మ పకపకా నవ్వడం చూశాను.

తుని పెద్దాయన వ్యాపారస్తుడు. ఏ సరుకు అమ్ముడైపోయిందో కొట్లో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది అలాంటివాళ్ళకి. కాఫీ గ్లాసు కింద పెట్టి, "దూరప్రయాణం చంద్రరావుగారూ, వాన ముదిరేలోపు బయల్దేరతాం," అన్నాడు. ఒక్క మాట తేడాగా అనలేదు. కుర్రాడు కారెక్కుతూ నా బండి దగ్గర ఆగి, "మంచి బండండి," అన్నాడు. ఆ అబ్బాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కారు వెళ్ళాక చంద్రరావుగారు మెట్ల దగ్గరికొచ్చారు. 

"అప్పాజీగారబ్బాయివా?"

"ఆయ్."

"ఇన్నాళ్ళూ మా ఇంట్లో నీళ్ళు తాగావు. ఒక్కరోజైనా నాతో మాట్లాడావా?"

"మీరు వీధిలో ఉండేవారు కాదండి."

"లోపలే ఉండేవాణ్ణి. మా అమ్మ నీ ఎకరాలు అడుగుతుంటే వింటూనే ఉన్నాను." ఆయన మొహంలో ఏమీ తెలియలేదు. "బండి బాగైందిగా. వెళ్ళు. ఈసారి మీ నాన్నగార్ని తీసుకుని రా."

వెళ్తుంటే హారతి వెనకనుంచి పిలిచింది. నల్లబడ్డ రుమాలు నా మీదకి విసిరింది. "ఉతికి తెస్తానన్నారుగా మొదటిరోజు. తెండి చూద్దాం."

ఆదివారం నాన్నగారు కర్ర పట్టుకుని, ఉతికిన పంచె కట్టుకుని నా వెనక కూర్చున్నారు. పంటులో బుల్లియ్య ఎప్పట్లాగే కేకేశాడు. నేను వంగేలోపే నాన్నగారి చెయ్యి ముందుకొచ్చి ట్యాపు కట్టేసింది. అవతల దిగాక తెరవబోతే నా చేతి మీద కర్రతో చిన్నగా కొట్టారు.

"ఉండనీ."

"దారిలో ఆగిపోతుంది నాన్నగారూ."

"ఆగాల్సిన చోటే ఆగుతుందిలే. పిల్లనడగడానికి బేరగాళ్ళలా బండి దిగకూడదురా. బండి దానంతటది ఆగిందని దిగాలి."

పెంకుటింటి ముందు రెండు దగ్గులు దగ్గి ఆగింది. హారతి అరుగు మీద నిలబడి ఉంది. నాన్నగారిని చూసి తలకి కొంగు సర్దుకుని దిగొచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా వంగి ట్యాపు తెరిచింది. నాన్నగారు ఆ రెండు వేళ్ళనీ చూశారు.

"అమ్మా, ఆ ఒడ్డున నేను తెరిచేవాణ్ణి, ఈ ఒడ్డున నువ్వు. వీడొక్కడే మధ్యలో ఏరు దాటడం తప్ప ఏమీ చెయ్యలేదు."

"మరి లోపలికి రండి మావయ్యగారూ," అంది హారతి. "మంచినీళ్ళిస్తాను."

మావయ్యగారూ అన్న ఆ ఒక్క మాటతో తాంబూలాలు అయిపోయినట్టే. తర్వాత పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నదంతా మర్యాద కోసం.

ఇది జరిగి చాలా ఏళ్ళైంది. ఆ పెంకుటిల్లు ఇప్పుడు డాబా అయింది. మామ్మ లేదు, నాన్నగారూ లేరు. వాళ్ళిద్దరూ చివరిదాకా కలిసినప్పుడల్లా నన్ను పట్టుకుని నవ్వినవాళ్ళే. నాకు ఇప్పుడు రెండు లారీలున్నాయి. కొత్త బండి బటన్ నొక్కితే స్టార్టవుతుంది. ట్యాపు లేదు, ఎక్కడా ఆగదు.

పాత బండిని మాత్రం అమ్మలేదు. అడిగినవాళ్ళున్నారు. ఆదివారాలు దాన్ని తీసి, హారతిని ఎక్కించుకుని, అత్తారింటికి పంటు మీద వెళ్తాను. బుల్లియ్య జుట్టు నెరిసింది. ట్యాపున్న బళ్ళు ఒకటో రెండో మిగిలినా, అలవాటుకొద్దీ ఇంకా కేకేస్తాడు. నేను వంగి కట్టేస్తాను. అవతలి ఒడ్డు తగలగానే నా కళ్ళు మళ్ళీ రోడ్డు మీదే.

ఇక లెక్క చూసుకుంటే, పోయినవి చాలానే: పొద్దుటి బేరాలు, మంచి చొక్కాలు, ఎన్ని ఉతుకులకీ తెలుపు తిరిగిరాని ఒక లేసు రుమాలు. వచ్చింది ఒక్కటే. గట్టెక్కి గేరు వేసేలోపు, నా వెనకనుంచి ఒక చెయ్యి మోకాలి పక్కగా కిందికి దిగి, చూడకుండానే ట్యాపు తెరుస్తుంది.

నేను లాభంలోనే ఉన్నాను.